విత్తన వరి: డెల్టా మహిళల చిన్న కమతాలకు కొత్త దారి

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువనీరు అందిన తరువాత పాలకొల్లు పరిసరాల్లోని గోదావరి పశ్చిమ డెల్టాలో వరి ప్రధాన పంటగా స్థిరపడింది. ఇక్కడ సార్వా అని పిలిచే ఖరీఫ్ పంటలోనూ, దాళ్వా అని పిలిచే రబీ పంటలోనూ ఆకుతీత, ఊడ్పు, కలుపుతీత ఎక్కువగా మహిళల చేతుల మీదుగానే సాగినా, ధాన్యం అమ్మిన సొమ్ముపై వారికి అధికారం దక్కడం అరుదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో కమతాలను నిర్వహించేవారిలో మహిళలు దాదాపు 14 శాతమే. ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలైనా లేదు.

ఇంత చిన్న కమతంలో దిగుబడి రెండు మూడు బస్తాలు పెరిగినా ఆ అదనం కౌలుకూ, కోతయంత్రం కిరాయికీ సరిపోతుంది. పండిన గింజనే ఎక్కువ ధర పలికే సరుకుగా మార్చగలిగితే లెక్క వేరుగా ఉంటుంది, అందుకు డెల్టాలో మిక్కిలి అనువైన మార్గం విత్తనోత్పత్తి. వరి పువ్వు విచ్చుకునే వేళకే దాని పుప్పొడి దాని కీలాగ్రం మీదనే రాలుతుంది. స్వపరాగ సంపర్కం అనే ఈ లక్షణం వల్ల, సంకర రకాలను మినహాయిస్తే, వరి గింజ తల్లిమొక్క గుణాలను తరువాతి పంటకు దాదాపు యథాతథంగా అందిస్తుంది. మొక్కజొన్న విత్తన క్షేత్రానికి పక్క చేనుతో వందల మీటర్ల ఎడం అవసరం కాగా, వరికి 3 మీటర్లు చాలునని విత్తన ధ్రువీకరణ ప్రమాణాలు చెబుతున్నాయి కనుక, చుట్టూ ఇతరుల చేలు ఉన్న ఎకరం మడిలో కూడా విత్తనం పండించవచ్చు. ఊడ్చే పద్ధతిలో ఎకరాకు 25 కిలోల విత్తనం వాడతారనుకుంటే, 75 కిలోల బస్తాలు 25 పండిన ఎకరం మరో 75 ఎకరాలకు విత్తనం ఇస్తుంది.

అయితే ఆ గింజ విత్తనంగా ధ్రువీకరణ పొందాలంటే 98 శాతం భౌతిక శుద్ధత, కనీసం 80 శాతం మొలక, 13 శాతానికి మించని తేమ ఉండాలి. ఎత్తులోనో, పూతకాలంలోనో, గింజ రంగులోనో తేడాగా కనిపించే పరాయి మొక్కలను కేళీలంటారు. పూతకు ముందు, పూతలో, కోతకు ముందు చేనంతా తిరిగి వీటిని పీకివేయడమే విత్తన సాగులో అసలు పని. ఏళ్ల తరబడి కలుపు తీసిన కళ్లకు ఈ తేడాలు పట్టడం కష్టం కాదు, కాని ఆ నేర్పుకు ఇంతకాలం దినకూలి తప్ప మరో విలువ కట్టకపోవడం పెద్ద అన్యాయం. పైగా వెదజల్లు పద్ధతీ, నాటు యంత్రాలూ ఊడ్పు కూలిని తగ్గిస్తున్న కాలంలో ఆ నేర్పును విత్తన సాగుకు మళ్లించడం మరింత అవసరమవుతున్నది. 1925లో మొదలై, 1982లో స్వర్ణ అనే ఎం.టి.యు. 7029 రకాన్ని విడుదల చేసిన మారుటేరు వరి పరిశోధన కేంద్రం పాలకొల్లుకు దగ్గరలోనే ఉండటం ఇక్కడి మహిళా పొదుపు సంఘాలకు ఉన్న గొప్ప అనుకూలత.

ఆహార ధాన్యంగా అమ్మేవారికి కూడా తేమే కీలకం. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం తేమ పరిమితి ఉండగా, సార్వా కోతలు తుపానుల కాలమైన నవంబరు, డిసెంబరు నెలల్లో పడతాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపంలో తీరం దాటిన మిచౌంగ్ తుపాను ఇలాంటి కోతల వేళ వచ్చినదే. తడి గింజను ఎండలో పలుచగా పరచి గబగబా ఆరబెడితే, పైపొర ఆరి లోపలి భాగం తడిగానే మిగలడం వల్ల గింజలో ఒత్తిడి పుట్టి సన్నని పగుళ్లు ఏర్పడతాయి, ఆరిన గింజ రాత్రి మంచుకు మళ్లీ తడిసినా అదే జరుగుతుంది. ఆ పగుళ్లే మిల్లులో నూకలవుతాయి. బరకాల మీద తగుమందాన పోసి, తరచూ తిరగవేస్తూ, సాయంత్రానికి కప్పివేయడం ఇందుకు విరుగుడు. అందుచేత సంఘం తన పొదుపుతో మొదట కొనదగినది తేమ కొలిచే యంత్రమూ, బరకాలూ. 1992లో జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) ఆరంభించిన బ్యాంకు అనుసంధానమూ, 2011లో ఏర్పడిన స్త్రీనిధి పరపతి సంస్థా సంఘాలకు అప్పు అందించే దారులు తెరిచాయి. ధాన్యం కొనుగోలు కేంద్రాలను నడిపిన సంఘాలకు తూకం, తేమ, లెక్కల అనుభవం కూడా దక్కింది.

మిగిలిన చిక్కు భూమిది. 1985లో ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో వాటా కల్పించింది, కేంద్రం 2005లో ఆ పని చేసింది; అయినా పొలం కాగితం మీద స్త్రీ పేరు చేరడం నేటికీ తేలిక కాలేదు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారుకు 11 నెలల పత్రం దొరుకుతుంది గాని, దానికి యజమాని సమ్మతి కావాలి. సొంత పొలం లేనివారికి ఒక దారి ఉమ్మడి కౌలు: కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ కార్యక్రమంలోని మహిళలు జట్లుగా ఏర్పడి పొలం కౌలుకు తీసుకొని వరి పండిస్తున్నారు. నాలుగు నుంచి పదిమంది సభ్యులతో ఉమ్మడి బాధ్యత బృందంగా బ్యాంకు అప్పు పొందే వీలు డెల్టా మహిళలకూ ఉన్నది.