లడఖ్ కొండల్లో గొంపాలు – వెళ్లేవాళ్లు తెలుసుకోవలసినవి

మన లైబ్రరీ బీరువాలో ఒక పాత పుస్తకం ఉంది. అందులో కొండ నిండా తెల్లని ఇళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న ఫోటో చూసి, ఇది ఏ ఊరు అని సోషల్ మేడమ్‌ని అడిగాను. ఊరు కాదు, లడఖ్‌లోని తిక్సే గొంపా అని చెప్పారు. గొంపా అంటే బౌద్ధ సన్యాసులు ఉండే మఠం. మా చిన్నమామ మిలిటరీలో రెండేళ్లు అక్కడే లేహ్‌లో పనిచేశాడు. సంక్రాంతికి సెలవు మీద వచ్చినప్పుడు అడిగితే రాత్రి చలిమంట దగ్గర అన్నీ చెప్పాడు. ఆయన చెప్పినవి, నేను చదివినవి కలిపి రాస్తున్నాను.

లడఖ్ మన దేశానికి ఉత్తరం కొసన ఉంది. 2019 అక్టోబర్ 31 నుండి అది కేంద్రపాలిత ప్రాంతం. అందులో ముఖ్య పట్టణం లేహ్. దాని ఎత్తు సుమారు 3,500 మీటర్లు. మన అర్మకొండ 1,680 మీటర్లు. అంటే లేహ్ బజారు మన అర్మకొండ శిఖరం కంటే రెండు రెట్లు ఎత్తులో ఉంది! కొండ అంటే అడవి ఉంటుందని నేను అనుకునేదాన్ని. కానీ అక్కడ కొండల మీద చెట్టు లేదు. వాన మేఘాలను హిమాలయాలు అడ్డుకుంటాయి కాబట్టి లేహ్‌లో ఏడాదికి సుమారు 100 మిల్లీమీటర్ల వానే పడుతుంది. మంచు కరిగి వచ్చిన నీళ్లను కాలువలు తీసి బార్లీ పండిస్తారు. ఆ బార్లీని వేయించి పిండి చేసి తింటారు. మనకు చోడి పిండి ఎలాగో వాళ్లకు అది అలాగ.

అక్కడికి విమానంలో దిగినవాళ్లు వెంటనే గొంపాలు చూడటానికి పరుగెత్తకూడదు. రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. ఎందుకు? గాలిలో ఆక్సిజన్ అక్కడ కూడా 21 శాతమే. కానీ పైకి వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గి, గాలి పలచబడుతుంది. సముద్రం ఒడ్డున ఒకసారి పీలిస్తే దొరికే ఆక్సిజన్‌లో సుమారు మూడింట రెండు వంతులే లేహ్‌లో దొరుకుతుంది. శరీరం దానికి అలవాటు పడటానికి సమయం కావాలి. అలవాటు కాకముందే ఎక్కువ తిరిగితే తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం వస్తాయి. అప్పుడు ఇంకా పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే కిందికి దిగిపోవాలి. దాచిపెడితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి ప్రాణానికే ప్రమాదం.

మా చిన్నమామ మొదటిసారి వెళ్లినప్పుడు తలనొప్పి వస్తే చెప్పలేదంట. చెప్తే వెనక్కి పంపేస్తారని భయం. తెల్లారేసరికి లేచి నిలబడలేకపోయాడు. డాక్టరు ఆక్సిజన్ పెట్టి, "కొండ ముందు సిగ్గు పడకూడదు" అన్నాడంట. ఇది విని నాకు నా సంగతి గుర్తొచ్చింది. పోయిన వానాకాలం ఇంటికి పంపితే పరీక్ష పోతుందని నేను మూడు రోజులు జ్వరం దాచాను. పక్క మంచం అమ్మాయి వార్డెన్ మేడమ్‌కి చెప్పేసింది. రక్త పరీక్షలో మలేరియా వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి మీద కోపం వచ్చింది. ఇప్పుడు లేదు.

ఇక గొంపాల గురించి. తిక్సే గొంపాలో మైత్రేయ బుద్ధుని విగ్రహం ఉంది. మైత్రేయుడు అంటే ముందు ముందు రాబోయే బుద్ధుడు. కూర్చున్న ఆ విగ్రహం ఎత్తు సుమారు 15 మీటర్లు. 1970లో దలైలామా వచ్చిన గుర్తుగా దాన్ని చేశారు. హెమిస్ గొంపాలో ఏటా జూన్, జూలై రోజుల్లో పండుగ జరుగుతుంది. సన్యాసులు పెద్ద పెద్ద ముఖాలు తొడుక్కుని నాట్యం చేస్తారు. అల్చి గొంపా కొండ మీద కాదు, నదికి దగ్గరగా చదునైన చోట ఉంది. అక్కడి గోడల మీద వందల ఏళ్లనాటి రంగుల బొమ్మలు ఉన్నాయి. లామయూరు దగ్గర పసుపు మట్టి దిబ్బలు చంద్రుడి మీద నేలలాగ ఉంటాయి. ఒకప్పుడు అది సరస్సు అడుగు.

గొంపాలో చెప్పులు విప్పి లోపలికి వెళ్లాలి. ఫ్లాష్‌తో ఫోటోలు తీస్తే పాత రంగులు పాడవుతాయి. దారిలో చోర్టెన్లు కనిపిస్తాయి. చోర్టెన్ అంటే స్తూపమే. మన తొట్లకొండలో, అమరావతిలో ఉన్నది కూడా స్తూపమే కదా. దాన్ని కుడి చేతి వైపు ఉంచుకుని తిరగాలి. గొంపాల్లో చిన్న పిల్లలు కూడా ఉంటారు. ఇల్లు వదిలి వచ్చి, తెల్లవారకముందే లేచి, అందరూ వరుసగా కూర్చుని చదువుతారు. ఈ మాట విన్నప్పుడు వాళ్లది కూడా హాస్టలే అనిపించింది.

చూడవలసినవి ఇంకా ఉన్నాయి. పాంగాంగ్ సరస్సు 134 కిలోమీటర్ల పొడవు. అందులో సగం కంటే ఎక్కువ సరిహద్దు అవతల ఉంది. దాని నీళ్లు ఉప్పగా ఉన్నా చలికాలం గడ్డ కడతాయి. ఖార్దుంగ్ లా కనుమ ఎత్తు సుమారు 5,359 మీటర్లు. అక్కడ కొంచెం సేపే ఆగి దిగిపొమ్మని అందరికీ చెప్తారు.

మరి అంత ఎత్తులో రోడ్డు ఎవరు వేశారు? నేను ఇదే అడిగాను. చిన్నమామ కొంచెం సేపు మాట్లాడలేదు. తర్వాత "మనలాంటివాళ్లే" అన్నాడు. జార్ఖండ్‌లోని దుమ్కా వైపు నుండి సంతాల్ ఆదివాసులు ఏటా వేసవిలో అక్కడికి పనికి వెళ్తారు. రాళ్లు కొట్టి, తారు పోసి, విరిగిపడిన కొండచరియలు తీస్తారు. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చినప్పుడు జార్ఖండ్ కూలీలు అక్కడ చిక్కుకుపోయారు. మే 29న 60 మందిని విమానంలో లేహ్ నుండి రాంచీకి తీసుకొచ్చారు. అప్పుడు పేపర్లలో వాళ్ల గురించి రాశారు. చూడటానికి వెళ్లినవాళ్లను పడుకోమని చెప్పే గాలిలోనే వాళ్లు రోజంతా పార పట్టుకుని పని చేస్తారు.

అక్కడ కలిసినవాళ్లకు "జూలే" అని చెప్తారు. నమస్కారం అన్నా, కృతజ్ఞతలు అన్నా అదే మాట. మనలో ఎవరైనా ఎప్పుడైనా లడఖ్ వెళ్తే నిదానంగా ఎక్కండి. ఒంట్లో బాగోకపోతే దాచకండి. గొంపాలో సన్యాసులకు జూలే చెప్పినట్టే, రోడ్డు పక్కన తారు డబ్బా దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా చెప్పండి.

– 9వ తరగతి విద్యార్థిని