అట్ట గిటారు నేర్పిన బేరం

1862లో స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అనే వడ్రంగి ఒక వింత గిటారు చేశాడు. దాని పైపలక మామూలు కర్రే. పక్కలూ వీపూ మాత్రం అట్ట! కర్ర దొరక్క చేసిన పని కాదది. గిటారు నాదం పుట్టేది పైపలకలోనే, మిగతాదంతా దానికి ఆసరా అని నిరూపించడానికి చేశాడు. ఆ అట్ట గిటారు ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. తక్కువ డబ్బుతో పాత క్లాసికల్ గిటారు కొనుక్కోవాలనుకునే వాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే పాఠం లేదు.

తీగ ఒక్కటే మోగితే పక్కవాడికి కూడా వినపడదు. అంత సన్నని వస్తువు గాలిని కదపలేదు. తీగ వణుకు, తీగలు కట్టిన కర్రముక్క అయిన బ్రిడ్జి ద్వారా పైపలకకు పాకాలి, పలక అదిరి గాలిని తొయ్యాలి. అందుకు పలక పల్చగా ఉండాలి. కానీ ఆరు తీగల లాగుడు కలిపితే దాదాపు 40 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఒకటిన్నర. రెండు మూడు మిల్లీమీటర్ల పలక మీద రాత్రీ పగలూ ఆ లాగుడు ఉంటుంది. పలుచన చేస్తే వంగుతుంది, మందం చేస్తే మూగబోతుంది.

మన బొబ్బిలి ఏకాండి వీణను ఒకే పనస దుంగలో తొలుస్తారు. గిటారుకు ఆ భాగ్యం లేదు, పల్చని పలకలను జిగురుతో అతికించిన పెట్టె అది. అందుకే పలక లోపలివైపు సన్నని కర్రపుల్లలు విసనకర్ర ఈనెల్లా పరిచి అతికిస్తారు. ఆ పద్ధతి స్పెయిన్‌లో అంతకుముందే ఉంది. టోరెస్ ఏడు ఈనెలతో దాన్ని ఒక లెక్కలోకి తెచ్చాడు, పెట్టెను పెద్దది చేశాడు, తీగ మోగే పొడవును 650 మిల్లీమీటర్ల దగ్గర నిలబెట్టాడు. నేడు అంగడిలో దొరికే చవక గిటారు కూడా చాలావరకు ఆయన కొలతల్నే మోస్తోంది.

చవక గిటారు పుట్టడానికి ఇంకొకటి కావలసి వచ్చింది. అప్పట్లో హెచ్చు స్థాయి తీగలు మూడూ జంతువుల పేగులతో చేసేవారు. తేమకు సాగేవి, తొందరగా తెగేవి. రెండో ప్రపంచయుద్ధంలో పేగుదారం గాయాలు కుట్టడానికి కావలసి వచ్చి, గిటారు తీగలకు కరువొచ్చింది. అప్పుడు న్యూయార్క్‌లో ఆల్బర్ట్ ఆగస్టీన్ నైలాన్ దారంతో తీగలు చేశాడు. మహా విద్వాంసుడు ఆండ్రెస్ సెగోవియా వాటిని మెచ్చి పట్టుకున్నాడు. అలా 1940ల్లో గిటారు గొంతు మారింది.

ఇక బేరానికి వెళదాం. మొదట అడగవలసింది: దీనికి ఎప్పుడైనా ఉక్కు తీగలు కట్టారా? ఉక్కు తీగల లాగుడు నైలాన్ కంటే చాలా ఎక్కువ. పల్చని పలక ఉబ్బుతుంది, బ్రిడ్జి జిగురు వదులుతుంది. బ్రిడ్జి వెనక అంచు కిందికి పల్చని కాగితం జొప్పించి చూడండి. దూరితే వద్దు. తర్వాత నాద రంధ్రం అంచు పరిశీలించండి. పైన కనిపించే కర్ర చారలు అంచు మందంలోకీ దిగితే పలక నిఖార్సైన కర్ర. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్. అది వాతావరణానికి తట్టుకుంటుంది గానీ నాదం కాస్త బిగుతుగా ఉంటుంది. వీపూ పక్కలూ ప్లైవుడ్ అయితే దిగులక్కర్లేదు. టోరెస్‌ది అట్టే కదా!

మెడను తల వైపు నుంచి కన్ను ఆనించి చూడండి. 12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు మూడు, నాలుగు మిల్లీమీటర్లుండాలి. ఎక్కువుంటే బ్రిడ్జి మీది తెల్లపట్టీని అరగదీసి దించవచ్చు. ఆ పట్టీ ఇప్పటికే పూర్తిగా అరిగినా ఎత్తు తగ్గకపోతే మెడ వంగి ఉండవచ్చు, దాని మరమ్మతు చవక గిటారు ధరను మించిపోవచ్చు.

వీణ మెట్లు మైనంలో ఉంటాయి, శ్రుతి తేడా వస్తే కదిపి సరిచేయవచ్చు. గిటారు మెట్లు కర్రలో దిగిపోయి ఉంటాయి. మొదటి మెట్టు, తల దగ్గర తీగలు ఆనే నట్ అనే పట్టీ నుంచి 36.5 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆపైన ఒక్కో ఎడం ముందుదానికన్నా దాదాపు 5.6 శాతం తగ్గుతూ, 12వ మెట్టు సరిగ్గా తీగ సగంలో పడుతుంది. అక్కడ వేలు ఆనీ ఆనకుండా పెట్టి మీటండి, తర్వాత నొక్కి మీటండి. రెండు స్వరాలూ ఒకటే కావాలి. తేడా ఉంటే మొదట పాత తీగల్ని అనుమానించండి, తర్వాతే గిటారుని. ఆపైన ఆరు తీగల మీదా పన్నెండేసి మెట్లు వరసగా నొక్కి చూడండి. 72 స్వరాల్లో గరగర ఎక్కడుందో అయిదు నిమిషాల్లో బయటపడుతుంది.

ఇంటికి తెచ్చాక మొదటి ఖర్చు కొత్త నైలాన్ తీగలు. నైలాన్ కొన్ని రోజులపాటు సాగుతూనే ఉంటుంది, పొద్దున చేసిన శ్రుతి సాయంత్రానికి దిగిపోతుంది. గిటారుని తప్పుపట్టకండి, బిరడా తిప్పుతూ ఉండండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం వదలకండి, వేడికి జిగురు మెత్తబడుతుంది.

వీపు మీద గీతలున్నాయని ధర తగ్గించమని గట్టిగా అడగండి. చెవి మాత్రం పైపలక మీదే ఉంచండి.