వరి కణంలో ప్రోటీన్ల నిష్క్రమణ: ఆకు వాలుతో దాని సంబంధం

మెదక్ సమీపంలో మంజీర నదిపై 1905లో నిర్మించిన ఘనపురం ఆనకట్ట కింద వరి ప్రధాన పంట. దగ్గరగా నాటిన వరిలో ఆకులు నిటారుగా ఉంటే వెలుతురు కింది ఆకులకూ చేరుతుంది. వాలిపోతే నీడ కమ్ముతుంది. ఈ వాలును నిర్ణయించే అంశాలలో ఒకటి, ఒకానొక ప్రోటీన్ కణ కేంద్రకంలో ఉన్నదా, వెలుపల ఉన్నదా అన్నది.

కేంద్రకాన్ని రెండు పొరల త్వచం ఆవరించి ఉంటుంది. అందలి రంధ్రాల గుండా చిన్న అణువులు స్వేచ్ఛగా సంచరిస్తాయి. సుమారు 40 కిలోడాల్టన్లకు మించిన ప్రోటీన్లకు సాధారణంగా వాహకం అవసరం. వాటిని వెలుపలికి చేర్చే ప్రధాన వాహకం ఎక్స్‌పోర్టిన్-1. ల్యూసిన్ వంటి జలవికర్షక అమైనో ఆమ్లాలు నిర్ణీత దూరాలలో అమరిన చిన్న వరుసను ఇది గుర్తిస్తుంది. ఆ వరుసే నిష్క్రమణ సంకేతం.

కేంద్రకంలో రాన్ అనే చిన్న ప్రోటీన్ జీటీపీతో కూడి ఉంటుంది. రాన్-జీటీపీ, ఎక్స్‌పోర్టిన్, నిష్క్రమించవలసిన ప్రోటీన్ మూడూ జతగూడి రంధ్రం దాటుతాయి. కణద్రవ్యంలో జీటీపీ జలవిశ్లేషణ చెంది జీడీపీగా మారగానే ఆ కూటమి విడిపోతుంది; ఖాళీ వాహకం తిరిగి లోపలికి వెళుతుంది. ఈ శక్తివ్యయమే ప్రయాణానికి దిశను ఏర్పరుస్తుంది.

వరిలో ఓఎస్‌బీజడ్‌ఆర్-1 అనే ప్రోటీన్ బ్రాసినోస్టెరాయిడ్ హార్మోను సంకేతాన్ని జన్యువులకు అందిస్తుంది. హార్మోను తక్కువగా ఉన్నప్పుడు కైనేజ్ ఎంజైము దీనికి ఫాస్ఫేట్ సమూహాలను జోడిస్తుంది. అప్పుడు 14-3-3 ప్రోటీన్లు దీనిని పట్టుకొని కణద్రవ్యంలో నిలుపుతాయి. హార్మోను పెరిగినప్పుడు ఫాస్ఫేట్లు తొలగి, ఇది కేంద్రకంలో కూడుకుంటుంది. పత్రదళం, తొడుగు కలిసే కీలు వద్ద కోణం పెరిగి ఆకు వాలుతుంది. ఈ ప్రోటీన్ ఉత్పత్తిని తగ్గించిన మొక్కలు పొట్టిగా, నిటారు ఆకులతో పెరిగినట్లు 2007లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది.

హోమోబ్రాసినోలైడ్ వంటి వృద్ధి నియంత్రకాలు నేడు విపణిలో లభిస్తున్నాయి. ఇవి నడిపేది పై సంకేత మార్గాన్నే. కనుక ఒకే హార్మోను పెరుగుదలకు తోడ్పడుతూనే ఆకు వాలును కూడా పెంచగలదు. ఫలితం మోతాదుపై, పైరు దశపై, రకంపై ఆధారపడుతుంది. లేత మొక్కలపై ప్రయోగశాలలో కనిపించిన స్పందన పొలంలో దిగుబడిగా మారుతుందని ముందే భావించరాదు. విస్తరణ శాస్త్రవేత్తలు ప్రదర్శన క్షేత్రంలో పిచికారీ చేయని మడిని తప్పక ఉంచి, పోటాకు కోణాన్ని, పైరు అడుగున వెలుతురును, దిగుబడిని రెండింటిలోనూ కొలిచిన పిమ్మటే రైతుకు సిఫారసు చేయడం సముచితం.