గేటు తీసినా బళ్ళు ఎందుకు కదలవు?

హాస్టల్లో ఉండే మనకి ట్రాఫిక్‌తో ఏం పని అని నవ్వకండి. ముందు ఇది చదవండి.

మాది దివిసీమ. మేము యానాదులం. మా అక్కని గుడివాడ వైపు పల్లెలో ఇచ్చారు. పోయిన వేసవి సెలవుల్లో నేను అక్క దగ్గర ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే అక్కకి నొప్పులు మొదలయ్యాయి. బావ ఆటో తెచ్చాడు. దారిలో రైల్వే గేటు వేసి ఉంది. ఆటో అన్న తొందరలో కుడి పక్కకి తిప్పి, అందరినీ దాటి గేటు ముందు ఆపాడు. మా వెనక ఇంకా చాలామంది అట్టాగే వచ్చారు. అవతల పక్కన కూడా అదే పని చేశారు.

రైలు పోయింది. గేటు లేచింది. చూస్తే మా ఎదురుగా లారీ! ముందుకి దారి లేదు, వెనక్కి దారి లేదు. అందరూ హారన్లు కొడతన్నారు. అక్క నా చెయ్యి పట్టుకుని అరుస్తా ఉంది. చివరికి ఇద్దరు కాలేజీ అన్నలు దిగి, మోటారు సైకిళ్ళు ఒక్కొక్కటే వెనక్కి జరిపించి దారి చేశారు. ఆసుపత్రి మెట్ల దగ్గరే పాప పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు. కానీ తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే.

బడికి వచ్చాక ఆలోచించాను. మమ్మల్ని ఆపింది గేటు కాదు, మేమే. మన మెస్సు గుమ్మం గుర్తు తెచ్చుకోండి. గంట కొట్టగానే అందరం కంచాలతో గుమ్మం నిండా నిలబడతాం. లోపల తిన్నవాళ్ళు బయటికి రాలేరు. వాళ్ళు రాకపోతే మనం లోపలికి పోలేం. గేటు దగ్గర జరిగేది కూడా ఇదే. ఎడమ పక్కన ఒకటే వరస కడితే కుడి సగం ఖాళీగా ఉంటుంది, ఎదుటివాళ్ళు వచ్చేస్తారు.

గుడివాడ జంక్షన్ నుంచి విజయవాడకి, భీమవరానికి, బందరుకి రైలు మార్గాలు ఉన్నాయి. రైళ్ళు ఉన్న చోట గేటు పడక తప్పదు. వరస తప్పకుండా ఉండటం మన చేతిలో పని.

ఇంక బళ్ళు ఆపే సంగతి. ఒక లెక్క చెప్తాను. బజారు రోడ్డు 20 అడుగులు అనుకోండి. రెండు పక్కలా కార్లు పెడితే ఒక్కో కారుకి 6 అడుగులు పోతాయి. మిగిలేది 8 అడుగులు. బస్సు వెడల్పు 8 అడుగుల పైనే, ఇంక ఎట్టా పడుతుంది? ఒక పక్కనే పెడితే 14 అడుగులు మిగులుతాయి. బస్సు, ఆటో నెమ్మదిగా తప్పుకోవచ్చు. అందుకే కొన్ని ఊళ్ళలో సరి తేదీల్లో ఒక పక్కన, బేసి తేదీల్లో రెండో పక్కన ఆపమంటారు.

ఎక్కడ ఆపాలో తెలియక తిరిగే బండి కూడా రద్దీయే. కాలవలో గుర్రపుడెక్క వంతెన కింద చేరినట్టు, అవన్నీ సెంటర్లోనే చేరతాయి. పెద్ద నగరాల్లో ఎన్ని ఖాళీలు ఉన్నాయో అంకెల్లో చూపే లైట్ల బోర్డులు ఉంటాయి. మన ఊళ్ళకి అంత అక్కర్లేదు. బందరు కోనేరు సెంటరుకి రాకముందే, మోపిదేవి గుడికి రాకముందే, ‘బళ్ళు ఇక్కడ ఆపండి’ అని బాణం గుర్తుతో పెద్ద బోర్డు, ఖాళీ స్థలం, చెయ్యి చూపే మనిషి ఉంటే చాలు.

అంబులెన్సుకి దారి ఇవ్వకపోతే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా పడవచ్చని 2019లో చట్టం మార్చారు. మంచిదే. కానీ మా అక్క ఎక్కింది ఆటో. దానికి సైరన్ లేదు. ఏ బండిలో ఎవరున్నారో మనకి తెలియదు. అందుకే ఎప్పుడూ దారి ఉంచాలి.

వార్డెన్ మేడమ్ గారికి ఒక విన్నపం. అమ్మానాన్నలు వచ్చే ఆదివారం మన బడి గేటు నిండా ఆటోలు, మోటారు సైకిళ్ళు ఉంటాయి. ఆ రోజు ఎవరికైనా జబ్బు చేస్తే బండి ఎట్టా బయటికి పోతుంది? సున్నం ఇప్పించండి. గేటు పక్కన గీత మేమే గీస్తాం. మెస్సు గుమ్మం దగ్గర కూడా ఒకటి గీస్తాం.

— 9వ తరగతి విద్యార్థిని