భాగస్వామ్యం – ఒక గుణపాఠం

కామర్సు క్లాసులో భాగస్వామ్యం పాఠం వచ్చినప్పుడల్లా నాకు మా బాబాయి బట్టల కొట్టు గుర్తొస్తుంది. బాబాయీ, ఆయన స్నేహితుడూ కలిసి పెట్టారు. "మన మధ్య కాగితాలేమిటోయ్!" అనుకున్నారు. అదే కొంప ముంచింది.

1932 నాటి భారత భాగస్వామ్య చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందమైనా చెల్లుతుంది. కాని వాటాలు నిర్ణయించుకోకపోతే, ఎవరెంత పెట్టుబడి పెట్టినా లాభనష్టాలు సమానమే. బాబాయి మూడొంతులు పెట్టి, సగమే పుచ్చుకున్నాడు.

రెండవది బాధ్యత. వ్యాపారం కోసం సంస్థ పేర ఒకరు చేసిన అప్పుకు రెండోవారి సొంత ఆస్తి కూడా జవాబు చెప్పాలి. లిమిటెడ్ కంపెనీలో వాటాదారుకు మామూలుగా వాటా సొమ్ము వరకే నష్టం. 2008 చట్టంతో వచ్చిన పరిమిత బాధ్యత భాగస్వామ్యం ఈ రెంటికీ మధ్యదారి.

మూడవది రిజిస్ట్రేషన్. తప్పనిసరి కాదు. అయితే 69వ సెక్షను ప్రకారం రిజిస్టరు కాని సంస్థ, వంద రూపాయలు దాటిన బాకీకి బయటివాడి మీద దావా వెయ్యలేదు. బయటివాడు మాత్రం దాని మీద వెయ్యవచ్చు! ఒక ఖాతాదారు ఎగవేసినప్పుడు ప్లీడరుగారు చెబితేగాని బాబాయికి ఈ సంగతి తెలియలేదు. పరుగెత్తి రిజిస్టరు చేయించేసరికి మూడేళ్ళ గడువు కాస్తా దాటిపోయింది.

బాకీ పోయింది, కొట్టు పోయింది. స్నేహితులిద్దరికీ నేటికీ మాటల్లేవు.

మిత్రులారా! రేపు కలిసి వ్యాపారం పెట్టాలనుకుంటే ముందొక పూట కూర్చుని వాటాలు, జీతాలు, విడిపోయే పద్ధతి రాసుకోండి. నొచ్చుకునేదేదో ఆ పూటే నొచ్చుకోవడం మేలు.