ఆడిటర్ దగ్గరికి వెళ్లే ముందు

మానవపాడు వారికి హైదరాబాదు కన్నా కర్నూలే దగ్గర. తుంగభద్ర వంతెన దాటితే చాలు. బేరసారాలు, బంధుత్వాలు అటువైపు ఉన్నప్పుడు లెక్కలు చూసే మనిషి కోసమూ అటే వెళ్లడం సహజం. అయితే వంతెనకు ఆవల జీఎస్టీ హద్దు వేరు.

2019 ఏప్రిల్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మే వ్యాపారికి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తెలంగాణ పాత 20 లక్షల హద్దునే ఉంచుకుంది. "కర్నూల్లో మా బావమరిదికి అక్కర్లేదన్నారు, నాకెందుకు?" అనేవారు ఇది గమనించాలి. పైగా 20 లక్షలంటే లాభం కాదు, మొత్తం అమ్మకం. రోజుకు ఆరు వేల గల్లా ఉన్న కొట్టు ఏడాదికి దాదాపు 22 లక్షలకు చేరుతుంది.

పన్ను పడే సరుకును పక్క రాష్ట్రంలోని షాపుకు అమ్మి పంపితే ఆ 20 లక్షల వెసులుబాటు కూడా ఉండదు. మన సాయంతో కుట్టుమిషన్లు తెచ్చుకున్న అక్కచెల్లెళ్లు సొంత గుడ్డతో రెడీమేడ్ దుస్తులు కుట్టి కర్నూలు షాపుకు వేస్తే, మొదటి బిల్లు నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. అక్కడి నుంచి గుడ్డ కొని తెచ్చుకోవడానికి ఈ చిక్కు లేదు.

అందుకే ఆడిటర్ గారిని (సీఏ కాకపోయినా మనం అలాగే పిలుస్తాం) మొదట అడగాల్సింది ఫీజు కాదు. "మాది తెలంగాణ, సరుకు ఫలానా చోటికి పోతుంది, మాకు ఏ నియమం వర్తిస్తుంది?" అని అడగండి. నమోదైన జీఎస్టీ ప్రాక్టీషనర్ల పేర్లు ప్రభుత్వ పోర్టల్‌లోనే దొరుకుతాయి. రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం రుసుము తీసుకోదు, ఉద్యమ్ నమోదూ ఉచితమే. మీరిచ్చేది ఆయన శ్రమకు. దాన్ని గవర్నమెంటు ఖర్చని చెప్పేవారిని నమ్మవద్దు. ఫీజు నెలకా, రిటర్న్‌కా, నోటీసు వస్తే జవాబు రాయడం అందులో కలిసిందా అన్నది ముందే కాగితం మీద పెట్టించుకోండి.

మొబైల్ నంబరు, ఈమెయిల్ మాత్రం మీవే ఇవ్వాలి. ఆయనవి ఇస్తే ఓటీపీలు ఆయనకే పోతాయి, మనిషిని మార్చడమూ కష్టమవుతుంది. రిటర్న్ ఎవరు వేసినా అందులోని వివరాలకు బాధ్యత వ్యాపారిదేనని జీఎస్టీ చట్టం 48వ సెక్షన్ చెబుతోంది.

దాతలు ఒక యువకుడి కొట్టుకు పెట్టుబడి ఇచ్చేటప్పుడు సరుకు, బల్లలతోపాటు మొదటి ఏడాది ఈ ఫీజునూ లెక్కలో వేయాలి. రిజిస్ట్రేషన్ ఉన్నాక అమ్మకం లేకపోయినా రిటర్న్ వేయాల్సిందే. ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, పన్ను ఉంటే 50. కొట్టు మూసినంత మాత్రాన ఇది ఆగదు, రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టాలి.