భారము మోయువారికి పిలుపు

ఆదివారమునాడు ప్రొద్దున్నే ఏలూరు కాలువగట్టువెంట తాడేపల్లిగూడెమువైపు పోవు బాటసారికి ఒక దృశ్యము కన్పట్టక మానదు. వారమంతయు మడిలో నడుము వంచినవారు, మార్కెట్టులో ఉల్లిపాయల బస్తాలు మోసినవారు, చేపలచెరువుల గట్లపై బుట్టలెత్తినవారు ఆనాడు ఉతికిన బట్టలు కట్టుకొని, పిల్లలను వెంటబెట్టుకొని, పేట చివరనున్న ప్రార్థనాలయమునకు పోవుచుందురు. మనలో పెక్కండ్రు ఈ దృశ్యమును చిన్ననాటినుండి చూచుచునే యున్నారు. అయినను వారచ్చట ఏమి వినుచున్నారో, ఏమి విని వారి తాతలు ఆ వాకిట చేరిరో విచారించినవారు మనలో అరుదు. ఆ విచారణకే నేడు పూనుకొనుచున్నాము.

క్రైస్తవుల మత్తయి సువార్తలో, 11వ అధ్యాయము చివర, ఏసుక్రీస్తు ఒక పిలుపు పిలిచినట్లున్నది. దాని భావమును మన మాటలలో చెప్పవలెనన్న ఇంతియే: పాటుపడి సొమ్మసిల్లినవారును, మూపుపై బరువున్నవారును తనయొద్దకు రావచ్చును, వారికి తాను విశ్రాంతి నొసగును, తన కాడి మెడను ఒరయునది కాదు. గ్రీకు మూలములో ఇచ్చట రెండు వేర్వేరు పదములు వాడబడినవి. మొదటిది తన పాటుచేత తాను డస్సిన వానిని చెప్పును. రెండవది ఇతరుల చేత బరువు నెత్తికెత్తబడిన వానిని చెప్పును. ఈ భేదము స్వల్పమైనది కాదు. లోకములో అలసట అంతయు ఒక తీరుదికాదు. తన పొలము దున్ని అలసిన రైతు రాత్రి నిద్రతో తేరుకొనును. అప్పు, అంటు, వెట్టి మున్నగువానిని పుట్టుకతోనే మోయవలసివచ్చినవాని అలసట నిద్రతో తీరదు. ఆ పిలుపు ఇరువురినీ పిలుచుచున్నది.

కాడి అను మాటను గూడ గమనింపవలెను. ఆనాటి యూదుల పండితులు ధర్మశాస్త్రమును కాడియని వ్యవహరించెడివారు. ఆచారములపై ఆచారములు పేర్చి ఇతరుల భుజములపైకెత్తి, తాము మాత్రము వ్రేలైనను కదపని బోధకులను ఏసు అదే సువార్త 23వ అధ్యాయములో నిందించినాడు. ఆయన వడ్రంగి యింట పెరిగినవాడు. ఏ కాడి ఎద్దు మెడను పుండుచేయునో, ఏ కాడి ఒద్దికగా కూర్చుండునో వడ్రంగికి తెలిసినట్లు, రైతునకు తెలిసినట్లు మరియెవరికిని తెలియదు. కాడియే లేకుండ చేయుదునని ఆయన చెప్పలేదు. బ్రదుకులో పనియుండును, బాధ్యతయుండును. అది మెడకు పుండు కారాదని మాత్రమే ఆ మాటలోని ఆంతర్యము.

ఈ పిలుపు వెనుకనున్న దయ ఎట్టిది? జనసమూహములు కాపరిలేని గొర్రెలవలె చెదరి నలిగియుండుట చూచి ఏసు కనికరపడినాడని అదే గ్రంథము 9వ అధ్యాయములో చెప్పుచున్నది. అచ్చట కనికరమునకు వాడిన గ్రీకు క్రియ కడుపులోని ప్రేగులను చెప్పు మాటనుండి పుట్టినది. హీబ్రూ భాషలో దయను తెలుపు మాట గర్భమను మాటకు చుట్టము. తెలుగువారికి ఇది వింతగాదు. పరుల కష్టము చూచి కడుపు తరుగుకొనిపోయినదని మనమును అందుము. తల్లిప్రేమను కడుపుతీపి యందుము. సింహాసనముపై కూర్చుండి చేయి విదిల్చెడి దాన మొకటి. కడుపులో కలుక్కుమని లేచి పరుగెత్తెడి దయ మరియొకటి. మొసలికి చిక్కిన ఏనుగు మొరవిని భగవంతుడు ఉన్నవాడున్నట్లు పరుగున వచ్చిన కథను పోతనామాత్యుని వలన పసిపిల్లలుకూడ నేర్చిన దేశము మనది. ఆ పరుగు పేదవాని పాకవరకు కూడ వచ్చునని క్రైస్తవ బోధకులు చెప్పినపుడు ఈ మండలమున విన్నవారు పెక్కండ్రైరి.

వారెప్పుడు వచ్చిరి? 1832-33 నాటి గుంటూరు కరవు జ్ఞాపకము జనులకింకను మాయకమునుపే, 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇరువురాంగ్లేయులు ఈ దేశమునకు వచ్చి, పిదప నరసాపురమున నిలిచి గోదావరి డెల్టా మిషను నారంభించిరి. 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు బందరునకు వచ్చిరి. ఆ చర్చి మిషనరీ సంఘము వారే 1854లో ఏలూరున తమ స్థానము నేర్పరచుకొనిరి. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి పూర్తియైనది. నీరు వచ్చినది, పంట హెచ్చినది, భూమి వెల పెరిగినది. ఆ పంటను కోసి, కట్టలు కట్టి, కుప్పనూర్చి, బండ్లకెత్తిన చేతులకు మాత్రము భూమి రాలేదు. గోదావరి నీరు మాలపల్లె, మాదిగపల్లెల ప్రక్కగా పారినది. ఆ పల్లెలవారు ఊరిబావిని ముట్టరాదను ఆంక్షను మాత్రము కడిగివేయలేదు.

ఇచ్చట మనము మరచుచున్న ఒక సంగతి కలదు. విశ్రాంతి అను మాట ఆనాటి పేదలకు కేవలము పరలోకపు మాట కాదు. పాతనిబంధనలోని ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయమున ఏడవదినమున యజమానుడే గాక, దాసుడును, దాసియును, ఎద్దును, గాడిదయును, వాకిటనున్న పరదేశియు విశ్రమింపవలెనని విధి గలదు. మీరును ఒకప్పుడు ఐగుప్తులో దాసులుగా నుండినవారే గదాయని కారణముకూడ చెప్పబడినది. ఒంగోలు ప్రాంతమున అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తనవద్దకు వచ్చినవారికి విధించిన నియమములు ముఖ్యముగా మూడు: ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. ఈ మూటిలో గ్రామపెద్దలకు మిక్కిలి కోపము తెప్పించినది మొదటిదే. ఏడాది జీతమునకు కుదిరిన పాలేరు ఏడవనాడు పనికి రానని చెప్పుట అంతకుముందు ఎవరును విని యెరుగరు. ఊడ్పుల కాలమున, నూర్పుల కాలమున ఆ మాట వినిన కామందునకు కన్నులెర్రబడెను. దెబ్బలు పడినవి, పనులు పోయినవి. అయినను వారు నిలిచిరి. దేవుడు తమ అలసటను లెక్కించినాడని మొదటిసారి విన్నవారు ఆ లెక్కను వదలుకొనుటకు ఒప్పుకొనలేదు.

అన్నమునకై మతము మార్చుకొనిరని వారిని మనవారు ఆడిపోసికొనుట కలదు. అట్టివారు లేకపోలేదు. కాని 1876-78 నాటి ధాతు కరవులో బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును క్లౌ గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపినాడు. కరవు సహాయము జరుగుచున్నంతకాలము బాప్తిస్మము లిచ్చుట మాత్రము ఆపివేసినాడు; కూటికై వచ్చిరను మాట రాకూడదని ఆయన తలంపు. ఆ పని ముగిసిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీ ఒక్కనాడే 2,222 మంది గుండ్లకమ్మ నీట బాప్తిస్మము పొందిరి. వారికి కావలసినది కూడు మాత్రమే యైనచో కూలి నిలిచిన పిమ్మట వారేల వత్తురు?

1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికను బిషప్పుగా అభిషేకము పొంది దోర్నకల్లు మండలమును నడపిన వి. యస్. అజరయ్యగారికిని, గాంధీ మహాత్మునికిని ఈ విషయముననే భేదము కలిగెను. సామూహికముగా మతము మార్చుట మహాత్మునకు సమ్మతము కాలేదు. బడుగువారు స్వయముగా వచ్చి పిలుచుచుండ పోకుండుట ఎట్లని అజరయ్యగారు. ఆయనయే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించిన దేశభక్తుడు. ఈ వివాదములో ఎవరు గెలిచిరని మేము తీర్పు చెప్పబోము. ఒక్కటి మాత్రము నిశ్చయము: మన గుడి తలుపులు తెరచియుండినచో ఈ వివాదమే ఇంత పెరిగియుండదు. క్రైస్తవ కుటుంబమున బుట్టిన జాషువ మహాకవి తన ‘గబ్బిలము’లో గుడి ప్రవేశము లేనివాని మొరను శివునికి చేరవేయుటకు గబ్బిలమును పంపవలసివచ్చెను. గబ్బిలమునకున్న ప్రవేశము మనుష్యునకు లేకపోయెను. ఈ అవమానము ఏ పరదేశి కల్పించినదియు గాదు.

అయితే క్రైస్తవ సంఘమును కూడ మేము పొగడి విడువజాలము. పిలుపు అందరిది, పంక్తి మాత్రము పెక్కుచోట్ల కులము వారీగానే సాగినది. మాలలకొక ఆలయము, మాదిగలకొకటి, పై కులములనుండి వచ్చినవారికి ముందువరుస అను తీరు ఈ జిల్లాలలో వినని మాట కాదు. నేడు మరికొందరు బోధకులు బరువు దించుటకు బదులు, కానుక లెక్కనుబట్టి దీవెన దొరకునని చెప్పి క్రొత్త బరువు నెత్తుచున్నారు. తమ గురువు నిందించిన బోధకుల జాడ ఇదియే యని వారు గ్రహింపవలదా?

రాజ్యాంగము వచ్చిన పిమ్మట మరియొక భారము వచ్చిచేరినది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవ దళితుడు మాత్రము బయటనే నిలిచినాడు. మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున నొక్కశాతముతో సరిపెట్టుకొనుచున్నాడు. 2022లో కేంద్ర ప్రభుత్వము ఈ విషయమును విచారించుటకు మాజీ ప్రధాన న్యాయమూర్తి కె. జి. బాలకృష్ణన్ అధ్యక్షతన సంఘమును నియమించినది. క్రైస్తవమున కులము లేదు గనుక హోదా యేల యని ప్రతిపక్షుల వాదము. ప్రార్థన మారినంతమాత్రమున పేట మారినదా, పని మారినదా, ఊరివారి చూపు మారినదా యని మేమడుగుచున్నాము. అందువలన ఎందరో రెండు పేర్లతో బ్రదుకుచున్నారు. కాగితముమీద ఒక మతము, కన్నీటిలో మరియొక మతము. మనస్సాక్షిని దాచుకొనవలసివచ్చుట ఎంతటి బరువో దాచినవారికే తెలియును.

కొల్లేటి లంకలకు పోయి చూడుడు. 2006లో అయిదవ కాంటూరులోపలి చేపలచెరువుల గట్లను ప్రభుత్వము కొట్టివేసినది. సరస్సు బ్రదుకవలెననుట న్యాయమే. బుడమేరు, తమ్మిలేరు తెచ్చు వరదకు చోటుండవలెను, ఉప్పుటేరు పారవలెను. కాని పెట్టుబడి పెట్టినవారికి ఇతర వ్యాపారములుండెను. గట్టుమీద కూలికి నిలిచినవానికి ఆ గట్టే యుండెను. గోదావరి జిల్లాలనుండి ఇంటిపనికై కువైటునకు పోయి, బిడ్డలను అవ్వల చేతిలో విడిచిన తల్లులెందరు? భూమి తనది గాక, నష్టము మాత్రము తనదియైన కౌలురైతు లెందరు? వీరిలో హిందువులున్నారు, ముస్లిములున్నారు, క్రైస్తవులున్నారు. అలసటకు మతము లేదు.

ఆ పిలుపును దైవవాక్కుగా నమ్మువారు దానివలన ఊరట పొందుచున్నారు. ఆ ఊరటను చులకన చేయుట మనుష్యత్వము కాదు. దానిని నమ్మనివారికిని అందులో ఒక ప్రశ్న మిగిలియున్నది. క్రైస్తవుల నిర్గమకాండము 23వ అధ్యాయమున ఒక విధి గలదు: పగవాని గాడిద బరువు క్రింద కూలియుండగా చూచి దాటిపోరాదు, చేయివేసి లేపవలెను. పగవాని గాడిదకే ఇంత న్యాయమున్నచో మన పొలములో, మన మిల్లులో, మన యింట పాటుపడువానికి ఎంత యుండవలెను? ఒప్పుకొన్న కూలి సాయంకాలమున చేతబెట్టుట, ఏడు దినములలో ఒక దినము మనస్ఫూర్తిగా విడిచిపెట్టుట, ఎండలో వచ్చినవానికి మన గ్లాసుతోనే నీళ్ళిచ్చుట. ఇవి ఏ మతము పుచ్చుకొననక్కరలేని పనులు.

దేవుడు భారము దించునని నమ్మువారు ఆదివారమునాడు పాడుకొనుచుందురు. సోమవారము తెల్లవారగనే వారు మరల మన కల్లమునకే వత్తురు. అప్పుడు వారి భుజముపై మన మెత్తించు బస్తా ఎంత బరువుండవలెనో నిర్ణయించువారము మనమే.